మెదడు కణితి పాకడంలో ఆక్వాపోరిన్ల పాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో కొన్ని గ్లయోమా (మెదడులోని సహాయక కణాల నుంచి పుట్టే కణితి) రోగుల బంధువులు అడిగేవి, కొన్ని ల్యాబుల్లో ఈ ప్రొటీన్ల మీద పనిచేసే విద్యార్థులు అడిగేవి. మందుల మోతాదులు రాసిన చోట అవి ఆస్పత్రిలో డాక్టర్లు వాడే పరిధులు. ఇంట్లో మార్చుకోవడానికి కాదు.

ఆక్వాపోరిన్ అంటే ఏమిటి?

కణపొరలో నీటి కోసం ఉన్న ప్రొటీన్ దారి. కణపొర కొవ్వుతో తయారైంది కాబట్టి నీరు దాని గుండా నెమ్మదిగా ఇంకుతుంది. ఆక్వాపోరిన్ ఉంటే మాత్రం ఒక్క దారి గుండానే సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు దాటిపోతాయి. దారి బాగా ఇరుకైన చోట వెడల్పు 2.8 ఆంగ్‌స్ట్రామ్‌లే, అందుకని అణువులు ఒకదాని వెనక ఒకటి పోవాల్సిందే. ప్రోటాన్లను అది దాటనివ్వదు. మనుషుల్లో 0 నుంచి 12 దాకా 13 రకాలున్నాయి. నాలుగేసి కలిసి గుంపుగా పొరలో కూర్చుంటాయి, కానీ దేని దారి దానిదే.

వీటిని కనిపెట్టినందుకు అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రేకు 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎర్ర రక్తకణాల్లో దొరికిన ప్రొటీన్ తాలూకు ఆర్ఎన్ఏను కప్ప గుడ్లలోకి ఎక్కించి, వాటిని పలచని ద్రవంలో వేస్తే గుడ్లు ఉబ్బి పగిలిపోయాయి. ఎక్కించని గుడ్లు చెక్కుచెదరలేదు. 1992 నాటి ఈ ప్రయోగంతోనే ఇది నీటి దారి అని తేలింది.

ఒక్క సంగతి ఇక్కడే గట్టిగా పట్టుకోవాలి. ఆక్వాపోరిన్ చెరువు తూము లాంటిది, మోటారు పంపు కాదు. నీరు ఎటు పోవాలో అది నిర్ణయించదు. ఉప్పు, అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లు ఏ పక్క ఎక్కువుంటే నీరు ఆ పక్కకు పోతుంది. కింద వచ్చే గందరగోళాల్లో చాలావాటికి మూలం ఈ తేడాను మరిచిపోవడమే.

మామూలు మెదడులో ఇవి ఎక్కడుంటాయి?

ప్రధానంగా ఆక్వాపోరిన్-4. ఆస్ట్రోసైట్ అనే సహాయక కణాలు తమ పాదాలతో రక్తనాళాలను చుట్టుకుని ఉంటాయి. నాళం వైపు ఉన్న ఆ పాదాల పొర మీదే ఇది కిక్కిరిసి ఉంటుంది. ఆల్ఫా-సింట్రోఫిన్, డిస్ట్రోఫిన్, డిస్ట్రోగ్లైకాన్ అనే ప్రొటీన్లు దాన్ని లోపలి నుంచి, ఆగ్రిన్, లామినిన్ బయటి నుంచి పట్టి ఉంచుతాయి. ఆక్వాపోరిన్-1 మామూలుగా వెన్నుద్రవం తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్‌లో ఉంటుంది.

గ్లయోమాల్లో అన్నిటికంటే తీవ్రమైన గ్లయోబ్లాస్టోమాలో ఈ అమరిక చెదిరిపోతుంది. ఆగ్రిన్ కరిగిపోతుంది, ఆక్వాపోరిన్-4 పాదాలు వదిలేసి కణపొర అంతటా పరుచుకుంటుంది. మామూలుగా పెద్దగా ఉండని చోట ఆక్వాపోరిన్-1 కూడా పెరుగుతుంది.

సర్జన్ గడ్డ మొత్తం తీశామన్నారు. మళ్లీ ఎందుకు వస్తుంది?

ఎమ్మారైలో తెల్లగా వెలిగే భాగం తీసేశారనే దాని అర్థం. దానికి బయట, మామూలుగా కనిపించే మెదడులో ఒంటరి కణాలు అప్పటికే పాకి ఉంటాయి. 1928లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి సర్జన్ వాల్టర్ డాండీ గ్లయోమా రోగులకు కుడి అర్ధగోళం మొత్తం తీసేసి చూశాడు. అయినా కణితి తిరిగొచ్చింది. 1938లో హాన్స్ షెరర్ ఈ కణాలు ఏ దారుల్లో పోతాయో మైక్రోస్కోపు కింద గుర్తించాడు: తెల్లపదార్థంలోని నరాల కట్టల వెంట, రక్తనాళాల గోడల వెంట, న్యూరాన్ల చుట్టూ, మెదడు పైపొర కింద. ఇప్పటికీ ఆ జాబితానే వాడుతున్నాం.

తిరగబెట్టే గడ్డల్లో ఎక్కువ భాగం మొదటి గడ్డ అంచు నుంచి 2 సెంటీమీటర్ల లోపే వస్తాయి. రేడియేషన్ ప్లాన్‌లో గడ్డ చుట్టూ 1.5–2 సెంటీమీటర్ల మార్జిన్ కలిపేది అందుకే.

కణం పాకడానికి నీటితో ఏం పని?

మెదడులో కణాల మధ్య ఖాళీ మొత్తం ఘనపరిమాణంలో 20 శాతం దాకా ఉన్నా, ఒక్కో సందు వెడల్పు నానోమీటర్లలోనే ఉంటుంది. గ్లయోమా కణం మైక్రాన్లలో ఉంటుంది. సందును వెడల్పు చేసుకుంటూ, తానూ సన్నబడుతూ పోవాలి. రెండు పనులు జరగాలి, రెండింటికీ నీరు కావాలి.

మొదటిది ముందుకు చాచడం. కణం ముందు అంచున ఎన్‌హెచ్‌ఈ-1 అనే మార్పిడి ప్రొటీన్ ప్రోటాన్‌ను బయటికి తోసి సోడియంను లోపలికి తెస్తుంది. ఎన్‌కేసీసీ-1 అనే ఇంకొకటి సోడియం, పొటాషియం, రెండు క్లోరైడ్‌లను కలిపి తెస్తుంది. అక్కడ ఉప్పు పెరుగుతుంది, ఆక్వాపోరిన్ గుండా నీరు వస్తుంది, పొర కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బిన ఖాళీలోకి కణానికి అస్థిపంజరం లాంటి ఆక్టిన్ పోగులు పెరిగి ఆ ఉబ్బును నిలబెడతాయి. ఆక్వాపోరిన్ లేకపోతే నీరు ఆలస్యంగా వస్తుంది, ఆక్టిన్ పొరను ఒట్టి బలంతో తోయాల్సి వస్తుంది. ఆక్వాపోరిన్-4 లేని ఎలుకల ఆస్ట్రోసైట్లు నెమ్మదిగా కదులుతాయని 2005లో చూపించారు. అదే ఏడాది ఆక్వాపోరిన్-1 లేని ఎలుకల్లో కణితికి కొత్త రక్తనాళాలు సరిగా పెరగలేదని కూడా తేలింది. అంటే పాకడం కణితి కణాలకే పరిమితం కాదు, నాళాల కణాలకూ ఇదే సూత్రం.

రెండోది సన్నబడటం. సందు దగ్గర కణంలో కాల్షియం పెరుగుతుంది, పొటాషియం చానెళ్లు తెరుచుకుంటాయి, ClC-3 అని పిలిచే క్లోరైడ్ చానెల్ (సీఎల్‌సీ-3) తెరుచుకుంటుంది, ఉప్పు బయటికి పోతుంది, వెంట నీరూ పోతుంది. పాకే గ్లయోమా కణం ఇలా దాదాపు మూడో వంతు ఘనపరిమాణం తగ్గించుకుంటుంది, సందు దాటాక మళ్లీ నిండుకుంటుంది. పరిణతి చెందిన న్యూరాన్‌లో క్లోరైడ్ 10 మిల్లీమోలార్ లోపే ఉంటే, గ్లయోమా కణంలో 100 దాకా నిల్వ ఉంటుంది. చానెల్ తెరవగానే క్లోరైడ్ బయటికే పరిగెత్తడానికి కారణం ఆ నిల్వ.

సన్నబడటానికి అడ్డు ఒకటే: కేంద్రకం. సైటోప్లాజం నీరు వదిలి కుంచించుకుంటుంది గానీ కేంద్రకం అంతగా నలగదు. దాన్ని వెనక నుంచి మయోసిన్-2 అనే మోటారు ప్రొటీన్ పిండి తోయాలి. అందుకే ఆక్వాపోరిన్‌ను ఒక్కదాన్నే ఆపితే కణం పూర్తిగా ఆగదు, మందగిస్తుంది.

నీరు ఒంటరిగా కణాన్ని నడపగలదా?

బాగా ఇరుకైన దారిలో నడపగలదు. 2014లో 3 మైక్రాన్ల వెడల్పున్న సన్నని కాలువల్లో కణితి కణాలను నడిపించి, ఆక్టిన్‌ను మందుతో అడ్డుకున్నారు. అయినా అవి ఆగలేదు. ముందు పక్క నీటిని మింగుతూ వెనక పక్క వదులుతూ జరిగాయి. ముందు పక్క ద్రవాన్ని పలచన చేస్తే దిశ మార్చి వెనక్కి నడిచాయి. అవి గ్లయోమా కణాలు కావు, సార్కోమా, రొమ్ము క్యాన్సర్ కణాలు. అక్కడ పనిచేసింది ఆక్వాపోరిన్-5. కాబట్టి దీన్ని మెదడుకు యథాతథంగా అన్వయించడం తొందరపాటే అవుతుంది.

ఆక్వాపోరిన్-1 ముఖ్యమా, 4 ముఖ్యమా?

ఇక్కడ వ్యాసాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఏ ఆక్వాపోరినూ లేని ఒక గ్లయోమా కణ వంశంలో (ల్యాబులో తరతరాలుగా పెంచే కణాలు) 1ని పెడితే కదలిక, పెరుగుదల రెండూ పెరిగాయి. 4ని పెడితే కణాలు అంటిపెట్టుకుని ఉండటం పెరిగింది. ఇది 2007 నాటి ఫలితం. మరో వంశంలో ఉన్న 4ని తగ్గిస్తే పాకడం తగ్గింది. 2010లో తేలిన ఇంకో విషయం: ప్రొటీన్ కైనేజ్-సి అనే ఎంజైమ్ ఆక్వాపోరిన్-4లోని 180వ అమైనో ఆమ్లమైన సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే నీటి దారి మందగిస్తుంది, పాకడమూ తగ్గుతుంది.

మా దృష్టిలో ఈ వైరుధ్యానికి సగం సమాధానం ఆక్వాపోరిన్-4 రెండు రూపాల్లో ఉంది. ఎం-1 రూపంలో 323 అమైనో ఆమ్లాలు, ఎం-23 రూపంలో 301. ఎం-23 ఎక్కువుంటే గుంపులన్నీ చదరంగం గళ్లలా పేర్చుకుని పెద్ద పలకలవుతాయి. ఎం-1 ఎక్కువుంటే పలకలు చెదిరి విడి గుంపులుగా తిరుగుతాయి. 2019లో ఇటలీ పరిశోధకులు చూపించింది ఇదే: పలకలుగా ఉన్నప్పుడు గ్లయోమా కణాలు కుంచించుకుని చావు దారి పట్టాయి, విడిగా ఉన్నప్పుడు పాకడం పెరిగింది. కాబట్టి “ఆక్వాపోరిన్-4 ఎంత ఉంది” అనే ప్రశ్న సగం ప్రశ్నే. ఏ రూపంలో, పొరలో ఏ మూల ఉందో కూడా అడగాలి.

మెదడు వాపు, కణాలు పాకడం ఒకటేనా?

కావు. రెండూ ఒకే చోట ఉంటాయి కాబట్టి కలగాపులగం అవుతుంది. ఎమ్మారై ఫ్లెయిర్ చిత్రంలో గడ్డ చుట్టూ కనిపించే తెల్లటి మసకలో కారిన ద్రవమూ ఉంటుంది, పాకిన కణాలూ ఉంటాయి. ఏది ఎంతో ఆ చిత్రం విడదీసి చెప్పదు.

ఆక్వాపోరిన్-4 వాపులో రెండు ముఖాలు చూపిస్తుంది. పక్షవాతం లాంటి చోట కణాలే నీరు పీల్చి ఉబ్బుతాయి, అక్కడ ఆక్వాపోరిన్-4 లేని ఎలుకలకు వాపు తగ్గింది (2000). గడ్డ చుట్టూ నాళాలు కారి వచ్చే వాపులో అదే ఎలుకలకు తల లోపలి ఒత్తిడి ఇంకా పెరిగింది (2004), ఎందుకంటే చేరిన నీటిని బయటికి పంపే దారీ ఆక్వాపోరిన్-4నే. మెదడు కణితి రోగికి దాన్ని గుడ్డిగా అడ్డుకుంటే పాకడం తగ్గొచ్చు, వాపు పెరగొచ్చు. మందు తయారీ ముందుకు సాగకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి.

స్టెరాయిడ్, మానిటాల్ పనిచేసేది ఆక్వాపోరిన్ల మీదేనా?

డెక్సామెథసోన్ ప్రధానంగా కారుతున్న నాళాల గోడలను బిగిస్తుంది. లక్షణాలు తక్కువుంటే రోజుకు 4–8 మిల్లీగ్రాములు, తీవ్రంగా ఉంటే 16 దాకా వాడతారు. శరీరంలో దాని ప్రభావం ఒకటిన్నర రోజుకు పైనే ఉంటుంది కాబట్టి ఉదయం, మధ్యాహ్నం ఇస్తే చాలు. సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర ఉండదు. షుగర్ పెరుగుతుంది, తొడ కండరాలు బలహీనమై కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది. దీన్ని చూసి కణితి పెరిగిందని బంధువులు భయపడతారు. తలనొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. లింఫోమా (తెల్లకణాల క్యాన్సర్) అనే అనుమానం ఉంటే బయాప్సీకి ముందు వీలైనంతవరకు స్టెరాయిడ్ ఇవ్వరు. ఇస్తే గడ్డ కరిగి, తీసిన ముక్కలో ఏమీ దొరకదు.

మానిటాల్ దారి వేరు. అది రక్తాన్ని చిక్కబరిచి మెదడులోంచి నీటిని లాగుతుంది. 20 శాతం సీసా 100 మిల్లీలీటర్లలో 20 గ్రాములు ఉంటాయి. కిలోకు 0.25 నుంచి 1 గ్రాము లెక్కన 60 కిలోల మనిషికి 75–300 మిల్లీలీటర్లు. చలికి సీసాలో పలుకులు కడతాయి. వేడి నీటిలో ఉంచి కరిగించి, శరీర వేడికి చల్లార్చి, ఫిల్టర్ ఉన్న సెట్‌తోనే ఎక్కించాలి. రక్తం ఆస్మోలాలిటీ, అంటే అందులో కరిగినవాటి మొత్తం గాఢత, 320 దాటితే కిడ్నీలకు ముప్పు, అందుకే సోడియం, క్రియాటినిన్ పదేపదే చూస్తారు.

నీళ్లు తక్కువ తాగితే వాపు తగ్గుతుందా?

తగ్గదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తపోటు పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అసలు చూడాల్సింది రక్తంలో సోడియం: 135–145 మధ్య ఉండాలి. అది పడిపోతే నీరు మెదడు కణాల్లోకి పోతుంది, మత్తు, వాంతులు, ఫిట్స్ వస్తాయి. మెదడు ఆపరేషన్ తర్వాత ఇలా పడిపోవడం ఉన్నదే. ఫిట్స్‌కు వాడే కార్బమాజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ కూడా సోడియంను తగ్గిస్తాయి. అందుకే ఇలాంటి రోగులకు మామూలుగా 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక్కటే ఎక్కించరు, 0.9 శాతం సెలైన్ పెడతారు. దాహానికి తగినట్టు తాగడంలో తప్పు లేదు, కానీ పరిమితి పెట్టమని చెబితే అది సోడియం రిపోర్టు చూసే చెప్పి ఉంటారు.

“ఏక్యూపీ-4 ఐజీజీ” అని ఒక పరీక్ష రాశారు. అది కణితి పరీక్షేనా?

కాదు. సొంత రోగనిరోధక వ్యవస్థే ఆక్వాపోరిన్-4 మీద దాడిచేసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బును పట్టుకునే రక్తపరీక్ష అది. ఆ జబ్బులో కంటి నరం, వెన్నుపాము దెబ్బతింటాయి. ఎప్పుడైనా మెదడులో గడ్డలా కనిపించే మచ్చ వస్తే, అది కణితా, ఈ జబ్బా అని తేల్చడానికి రాస్తారు. పాజిటివ్ వస్తే గ్లయోమా అని అర్థం కాదు.

గ్లయోమా బయాప్సీ రిపోర్టులో ఆక్వాపోరిన్ మామూలుగా రాయరు. అక్కడ చూడాల్సినవి ఐడీహెచ్, ఎంజీఎంటీ, 1పీ/19క్యూ లాంటి జన్యు పరీక్షలు.

వీటిని అడ్డుకునే మందులు ఉన్నాయా?

గ్లయోమాకు ఆమోదం పొందినది ఏదీ లేదు. పాదరసం లవణం ఆక్వాపోరిన్-1లోని 189వ సిస్టీన్‌కు అతుక్కుని దారి మూస్తుంది, కానీ అది విషం, పైగా ఆక్వాపోరిన్-4 దానికి పెద్దగా లొంగదు. ఎసిటజోలమైడ్ పనిచేస్తుందని ఒకరంటే లేదని ఇంకో ల్యాబ్ తేల్చింది. టీజీఎన్-020 అనే రసాయనాన్ని ఎలుకల ప్రయోగాల్లో వాడతారు. ట్రైఫ్లూపెరజిన్ అనే పాత మానసిక వ్యాధుల మందు ఇంకో దారిలో పోతుంది: దారిని మూయదు, కాల్షియంను పసిగట్టే కాల్‌మాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుని ఆక్వాపోరిన్-4 పొర పైకి చేరకుండా చూస్తుంది. 2020లో వెన్నుపాము గాయమైన ఎలుకల్లో దీనితో వాపు తగ్గింది. దారిని మూసేకంటే అది ఎక్కడ ఉండాలో మార్చడం మెరుగైన ఆలోచనగా మాకు అనిపిస్తుంది.

బ్రాహ్మి ఆకు తింటే కణితి ఆగుతుందా?

ఈ ప్రశ్నకు మూలం ఉంది. నీటి బ్రాహ్మి మొక్కలోని బకోపసైడ్-2 అనే పదార్థం ఆక్వాపోరిన్-1 నీటి దారిని 18 మైక్రోమోలార్ దగ్గర సగానికి తగ్గించిందని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అది కప్ప గుడ్ల మీద, గిన్నెలోని కణాల మీద నేరుగా పోసి చూసిన ఫలితం. ఆకు నమిలితేనో, టీవీలో చూపించే లేహ్యం తింటేనో కణితి ఆగుతుందని దీనర్థం కాదు. మన ఇళ్లలో పచ్చడి చేసే సరస్వతి ఆకు వేరే మొక్క కూడాను. కీమో నడుస్తున్నప్పుడు ఏ ఆకుమందు మొదలుపెట్టినా ఆంకాలజిస్టుకు చెప్పండి. టెమోజొలమైడ్ అనే కీమో మందుతో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎలాగూ తగ్గుతాయి. ఆపైన ఏ మందు వల్ల ఏం జరిగిందో విడదీయడం ఎవరి తరమూ కాదు.

ల్యాబులో పాకడాన్ని ఎలా కొలవాలి?

24 బావుల ప్లేటులో 8 మైక్రాన్ల రంధ్రాలున్న ఇన్సర్టులు (బావిలో కూర్చునే చిన్న గిన్నెలు) వాడండి. కణాలు దాటాల్సిన ప్రొటీన్ జెల్ అయిన మ్యాట్రిజెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐసులో కరగనివ్వండి, పిపెట్ టిప్పులు కూడా ఫ్రీజర్లో చల్లబరచండి. గది వేడికి అది ఇట్టే గడ్డకడుతుంది. మిల్లీలీటరుకు 200–300 మైక్రోగ్రాములకు పలచన చేసి, ఒక్కో ఇన్సర్టులో 100 మైక్రోలీటర్లు పోసి, 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. పైన సీరం లేని మీడియంలో 50 వేల కణాలు, కింద 10 శాతం సీరం. దాదాపు 24 గంటల తర్వాత పైవైపు కణాలను దూదిపుల్లతో తుడిచి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి, క్రిస్టల్ వయలెట్ వేసి లెక్కపెట్టండి.

ఎక్కువగా తప్పేది ఇక్కడ: ఆక్వాపోరిన్ మార్చితే కణాల పెరుగుదల కూడా మారుతుంది. కింద కణాలు ఎక్కువున్నాయంటే పాకాయా, పుట్టాయా? అదే సంఖ్యలో కణాలను పక్క ప్లేటులో 24 గంటలు పెంచి లెక్క చూపండి. జెల్ లేని ఇన్సర్టులు కూడా పక్కన పెట్టి, జెల్ దాటినవాటిని జెల్ లేకుండా దాటినవాటితో భాగించండి. ఇన్సర్టు కింద గాలిబుడగ చిక్కితే మధ్యలో గుండ్రంగా ఖాళీ వస్తుంది, ఆ బావిని లెక్కలోంచి తీసేయండి.

యూ-87 అనే గ్లయోమా వంశం కణాలు చాలా తేలిగ్గా పెరుగుతాయి గానీ ఎలుక మెదడులో పాకవు, గుండ్రని గడ్డ కడతాయి. పాకడం గురించి వ్యాసం రాయాలంటే రోగి నుంచి తీసి సీరం లేకుండా పెంచిన కణాలు వాడటం మేలు.

వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను సైజు వారీగా విడదీసి గుర్తించే పరీక్ష) ఆక్వాపోరిన్-4 జెల్ పైనే ఆగిపోతోంది. ఎందుకు?

నమూనాను 95 డిగ్రీల దగ్గర మరిగించి ఉంటారు. పొర ప్రొటీన్లు మరిగితే ముద్ద కడతాయి. 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు చాలు. 30–34 కిలోడాల్టన్ల మధ్య దగ్గరదగ్గరగా రెండు గీతలు రావాలి, పైది ఎం-1, కిందిది ఎం-23. ఆక్వాపోరిన్-1కైతే 28 దగ్గర ఒక గీత, దాని పైన చక్కెర తగిలిన రూపం మసకగా పరుచుకుని కనిపిస్తుంది. ఆ మసకను చూసి యాంటీబాడీ చెడిపోయిందనుకోవద్దు. ఎం-23 పలకలను చూడాలంటే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడకూడదు, అది వాటిని విడగొట్టేస్తుంది. బ్లూ నేటివ్ జెల్ వేయాలి.

ప్రొటీన్ ఉందని తేలింది. నీటిని పంపుతోందని ఎలా చూపాలి?

కణాల్లోకి కాల్సీన్ రంగును ఎక్కించి, చుట్టూ ద్రవాన్ని 300 నుంచి 150 మిల్లీఆస్మోల్‌కు దించండి. కణం ఉబ్బుతుంటే కాల్సీన్ వెలుగు పెరుగుతుంది, ఎంత వేగంగా పెరిగిందో అదే నీటి వేగం. మీడియంలో నీరు కలిపేస్తే సోడియం, క్లోరైడ్ కూడా సగమై అయాన్ చానెళ్లు అడ్డొస్తాయి. అలా కాకుండా మొదటి ద్రవంలోనే ఉప్పు తగ్గించి మానిటాల్‌తో 300కు సరిచేసుకోండి, తర్వాత మానిటాల్ లేని ద్రవానికి మార్చండి. అయాన్లు మారవు, ఆస్మోలారిటీ ఒక్కటే మారుతుంది. ద్రవం మారే వేగం ఉబ్బే వేగం కంటే ఎక్కువుండాలి. లేకపోతే మీరు కొలిచేది ద్రవం మార్చే పంపు వేగాన్నే.

అనుమానం మిగిలితే 10 డిగ్రీల దగ్గర, 37 డిగ్రీల దగ్గర రెండుసార్లు కొలవండి. ఆక్వాపోరిన్ గుండా పోయే నీటికి ఉష్ణోగ్రతతో పెద్ద తేడా రాదు, మోల్‌కు 4–5 కిలోక్యాలరీల శక్తి చాలు. కొవ్వు పొర గుండా ఇంకే నీటికి 10కి పైనే కావాలి, అందుకే చల్లబరిస్తే బాగా మందగిస్తుంది.